వెలుగు ఎక్కడ తెగుతుంది

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. మధ్యాహ్నానికే కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. పొద్దు గుంకేసరికి మా వీధి మొత్తంలో ఒక్క దీపం లేదు. వంటింటి పైన పెంకులు లేచిపోయి నీళ్లు కారుతుంటే అమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. నేను తడుముకుంటూ వెళ్లి ఇంట్లో ఉన్న రెండు టార్చిలైట్లూ తెచ్చాను. ఒకటి నాన్న వాడిన మూడు సెల్లుల ఇత్తడి టార్చి. రెండోది అంతకు ముందు ఏడాది మా పిన్ని కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చిన లిథియం బ్యాటరీ టార్చి. అరచేతిలో ఇమిడిపోతుంది, వెలిగిస్తే ఎదురు మేడ మీద మనిషి కనిపిస్తాడు. ఆ రాత్రి రెండూ వెలగలేదు.

కొవ్వొత్తులతో గడిపాం. కరెంటు వచ్చాక ఒక పగలు కూర్చుని రెండింటినీ విప్పాను. నాన్న టార్చి ఎందుకు చచ్చిందో మూత తీయగానే కనిపించింది. రెండోది ఎందుకు చచ్చిందో తెలియడానికి మల్టీమీటరు పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి టార్చిలైట్లు విప్పి చూడడం నాకు అలవాటైపోయింది. విప్పిన ప్రతిసారీ వెతికేది ఒకటే: ఈ గొట్టంలో బ్యాటరీ నుంచి వెలుగు దాకా ఉన్న దారిలో తెగే చోటు ఎక్కడ?

ఇత్తడి టార్చి దారి చాలా పొట్టిది. సెల్లులు, వెనక మూతలో స్ప్రింగు, పక్కన జారే స్విచ్చి, లోపల ఒక రేకు, బల్బు. వీటన్నిటినీ కలిపేది ఆ గొట్టమే. అమెరికాలో డేవిడ్ మిసెల్‌కి 1899 జనవరిలో పేటెంటు వచ్చిన టార్చిలోనూ ఉన్నవి దాదాపు ఇవే. అప్పటి సెల్లులు నికరంగా కరెంటు ఇవ్వలేకపోయేవి, కాసేపు మెరిసి ఆగేవి. ఇంగ్లీషులో దానికి ఫ్లాష్‌లైట్ అన్న పేరు అందుకే స్థిరపడింది. ఆ తర్వాత వందేళ్లలో సెల్లు బాగుపడింది, బల్బు బాగుపడింది. దారి మాత్రం మారలేదు.

ఆ పాత బల్బులో రెండు సుగుణాలున్నాయి. అది వాడుకలో ఉన్నన్నాళ్లూ ఎవరూ వాటిని గుణాలుగా గుర్తించలేదు. మొదటిది, సెల్లులు తలకిందులుగా వేసినా అది వెలుగుతుంది. టంగ్‌స్టన్ తీగకి ప్లస్సూ మైనస్సూ లేవు. రెండోది అంతకన్నా గొప్పది. చల్లగా ఉన్నప్పుడు ఆ తీగ నిరోధం, వెలిగేటప్పటి నిరోధంలో సుమారు పదో వంతే. వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే వేడి ఒక చోట నిలబడుతుంది. అంటే తనను తాను అదుపు చేసుకునే ఏర్పాటు ఆ తీగలోనే ఉంది. కాపలాకి వేరే ఏదీ అక్కర్లేదు.

అయితే ఆ బల్బు ఆయుష్షు పదుల గంటలు మాత్రమే. టార్చి కింద పడితే తీగ తెగిపోయేది. అందుకే 1979లో వచ్చిన మ్యాగ్‌లైట్ లాంటి మంచి టార్చీల వెనక మూతలో ఒక అదనపు బల్బు దాచి ఉంచేవారు. బల్బు పోతుందని తయారుచేసినవాడికి ముందే తెలుసు. పోయినప్పుడు ఏం చేయాలో అందులోనే పెట్టి ఇచ్చాడు.

నాన్న టార్చిలో పోయింది బల్బు కాదు, సెల్లు. మనం దశాబ్దాలుగా కొనే మామూలు జింక్ సెల్లుకి బయటి డబ్బానే ఇంధనం. వాడేకొద్దీ ఆ జింకు కరిగి పలచబడి చివరికి చిల్లులు పడుతుంది, లోపలి ఆమ్లపు ద్రవం బయటికి వస్తుంది. స్ప్రింగుని తుప్పు తినేసింది, ఇత్తడి మీద పచ్చగా చిలుము పేరుకుంది. చిన్నప్పుడు సెల్లులు మందగిస్తే డాబా మీద ఎండలో పెట్టేవాళ్లం, సాయంత్రానికి కాస్త వెలుగు పెరిగేది. వేడికి లోపలి రసాయన చర్య చురుకవుతుంది కాబట్టి నిజంగానే పెరుగుతుంది. కానీ అలా చివరి బొట్టు దాకా పిండి వాడిన సెల్లుని టార్చిలోనే మరచిపోతే జరిగేది ఇదే. గరుకు కాగితంతో గీకి, సైకిలు షాపులో దొరికిన స్ప్రింగు వేస్తే అరగంటలో నాన్న టార్చి వెలిగింది.

ఇక రెండోదాని కథ. దానిలోని వెలుగు హుద్‌హుద్‌కి సరిగ్గా ఐదు రోజుల ముందు వార్తలకెక్కింది. ఆ ఏడాది అక్టోబరు 7న భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా అనే ముగ్గురికి ప్రకటించారు, నీలి రంగు ఎల్‌ఈడీ సాధించినందుకు. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే నిక్ హోలోన్యాక్ చేతుల మీదుగా వచ్చింది. నీలం మాత్రం ముప్ఫై ఏళ్లు ఏడిపించింది. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని లోపాలు లేకుండా పెంచడం ఎవరి వల్లా కాలేదు. 1993లో జపాన్‌లోని నిచియా కంపెనీ నుంచి కాంతివంతమైన నీలి ఎల్‌ఈడీ వచ్చింది. దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత పూస్తే నీలమూ పసుపూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. మన ఇళ్లలో, ఫోన్లలో, టార్చీల్లో ఉన్న తెల్ల వెలుగులో చాలా భాగం ఈ ఉపాయమే. టార్చి బల్బు ఒక వాట్‌కి పది ల్యూమెన్ల వెలుగు ఇవ్వడమే గగనం. ఈనాటి మంచి ఎల్‌ఈడీ వందకు పైగా ఇస్తుంది. తెగడానికి తీగ లేదు, పగలడానికి గాజు లేదు.

కానీ ఎల్‌ఈడీకి ఆ పాత తీగకున్న నిగ్రహం లేదు. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. ఆ వోల్టేజీని పదో వంతు పెంచితే కరెంటు పదో వంతుతో ఆగదు, రెండింతలో మూడింతలో అవుతుంది. పైగా చిప్పు వేడెక్కినకొద్దీ అదే కరెంటుకి దానికి కావలసిన వోల్టేజీ తగ్గుతుంది. బ్యాటరీ అదే వోల్టేజీ ఇస్తూ ఉంటే కరెంటు ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. తీగలో వేడి కళ్లెం అయితే ఎల్‌ఈడీలో వేడి కొరడా. అందుకే దాని పక్కన కరెంటును అదుపులో పెట్టేది ఒకటి ఉండి తీరాలి.

అతి చౌక టార్చీల్లో ఆ పని ఒక రెసిస్టరు చేస్తుంది. తాళంచెవికి వేలాడే బుల్లి టార్చీల్లో అదీ ఉండదు, బిళ్ల బ్యాటరీ లోపలి నిరోధమే ఆ పని చేసేస్తుంది. మంచి టార్చీల్లో డ్రైవరు అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది, సుమారు రూపాయి బిళ్లంత. బ్యాటరీ 4.2 వోల్టుల నుంచి 3 వోల్టుల దాకా దిగజారుతున్నా ఎల్‌ఈడీకి వెళ్లే కరెంటును అది ఒకే స్థాయిలో నిలబెడుతుంది. అందులో కాయిలు, కెపాసిటర్లు, మాస్‌ఫెట్‌లు ఉంటాయి. వాటి మధ్య ఒక మైక్రోకంట్రోలరు, అంటే ఓ చిన్న కంప్యూటరు. కొన్నిటిలో ఉండే ఏటీటైనీ13 అనే చిప్పుకి ప్రోగ్రాము రాసుకునే జాగా ఒక్క కిలోబైటు. ఆ ఒక్క కిలోబైటులోనే వెలుగు స్థాయిలు, బ్యాటరీ కొలత, హెచ్చరిక అన్నీ ఇమిడ్చిన ప్రోగ్రాములున్నాయి. ఆ పొదుపంటే నాకు చాలా గౌరవం.

భాగాలు పెరిగితే చెడిపోయే అవకాశం పెరుగుతుందని అందరూ అంటారు. ఈ మాటకి ఒక లెక్క ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వి-1 ఎగిరే బాంబు మీద పనిచేసిన ఇంజనీరు రాబర్ట్ లుసర్ పేరుతో దాన్ని చెబుతారు. ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉన్న భాగాల్లో ఏ ఒక్కటి పోయినా మొత్తం ఆగిపోయేట్టయితే, మొత్తం నిలిచే అవకాశం ఆ భాగాలన్నిటి అవకాశాల లబ్ధం. ఒక్కో భాగం నూటికి 99 పాళ్లు నమ్మదగినదనుకోండి. ఆరు భాగాల టార్చికి ఆ లెక్కన 94 శాతం వస్తుంది. నలభై భాగాల టార్చికి 67 శాతమే. గొలుసు బలం దానిలోని అతి బలహీనమైన లంకెకి సమానమని అనుకుంటాం కానీ, లంకెలు పెరిగితే గొలుసు అంతకన్నా బలహీనమవుతుంది.

అయితే అదే లెక్కని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాలి. ఆ నలభై భాగాలూ వెయ్యింటికి 999 పాళ్లు నమ్మదగినవైతే మొత్తం 96 శాతం. అంటే నలభై మంచి భాగాల టార్చి, ఆరు మామూలు భాగాల టార్చిని దాటిపోతుంది. యంత్రాలు అతికించే బుల్లి కెపాసిటర్లూ చిప్పులూ నిజంగానే అంత గట్టివి. నేను విప్పిన చచ్చిన టార్చీల్లో మైక్రోకంట్రోలరు పోయినది ఒక్కటీ లేదు. పోయినవన్నీ చేత్తో టంకం పెట్టిన వైర్లు, తుప్పు పట్టిన స్ప్రింగులు, ఊడిన స్విచ్చులు, ఉబ్బిన బ్యాటరీలు. నూటపాతికేళ్లుగా ఏవి పోతున్నాయో అవే.

ఈ సంగతి తెలిశాక అట్టపెట్టె మీద రాసే 50,000 గంటలన్న మాటని వేరేగా చదవాలి. అది ఎల్‌ఈడీ చిప్పు గురించిన మాట. అన్ని గంటల తర్వాత దాని వెలుగు మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి తగ్గుతుందని అర్థం. రోజుకి అరగంట చొప్పున వాడితే అది 270 ఏళ్ల పైమాట. వెనక మూతలో స్విచ్చి ఎన్నాళ్లుంటుందో ఆ అంకె చెప్పదు. బల్బు పదుల గంటల్లో పోయే రోజుల్లో మిగతా భాగాలు ఎంతకాలం ఉంటాయన్న ప్రశ్నే రాలేదు. బల్బు అమరమయ్యాక చావు పక్కవాటి మీదికి జరిగింది.

స్ప్రింగునే తీసుకోండి. పాత టార్చిలో దాని గుండా వెళ్లే కరెంటు అర ఆంపియరుకి మించదు. కాస్త చిలుము పడితే వెలుగు మసకబారుతుంది, అరచేతిలో రెండు దెబ్బలు కొడితే మళ్లీ వస్తుంది. ఇప్పటి ఒంటి బ్యాటరీ టార్చీల్లో 5 ఆంపియర్లు తీసేవి మామూలైపోయాయి. స్ప్రింగు నిరోధం 50 మిల్లీ ఓములుంటే అక్కడే పావు వోల్టు పోతుంది, ఒకటింపావు వాట్ల వేడి స్ప్రింగులోనే పుడుతుంది. వేడెక్కిన స్ప్రింగు బిగువు తప్పుతుంది. బిగువు తప్పితే నిరోధం ఇంకా పెరుగుతుంది. టార్చీలంటే ఇష్టమున్నవాళ్లు స్ప్రింగు మధ్యలోంచి ఒక మెత్తటి రాగి తీగ వేసి రెండు కొసలకీ టంకం పెట్టేస్తారు. రెండు రూపాయల పని.

స్విచ్చిలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. వెనక మూతలో టిక్కుమనే స్విచ్చి మొత్తం కరెంటును తానే మోస్తుంది, నొక్కి ఆపితే దారి నిజంగా తెగుతుంది. పక్కన ఉండే ఎలక్ట్రానిక్ బటన్ కరెంటును మోయదు, మైక్రోకంట్రోలరుకి సైగ మాత్రమే చేస్తుంది. అందుకే అది అరగదు. కానీ ఆ సైగ కోసం మైక్రోకంట్రోలరు ఎప్పుడూ ఒక కన్ను తెరుచుకునే ఉండాలి. టార్చి ఆరి ఉన్నా బ్యాటరీ కొంచెం కొంచెంగా ఖర్చవుతూనే ఉంటుంది. బాగా రాసిన ప్రోగ్రాములో ఆ ఖర్చు 50 మైక్రో ఆంపియర్లనుకుందాం. 3000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన ఆరేళ్లకు పైగా వస్తుంది. మా పిన్ని కొడుకు తెచ్చిన టార్చి ఆపి ఉంచినా ఒక మిల్లీ ఆంపియరు తాగుతోంది. దాని బ్యాటరీ 2600. అంటే 2600 గంటలు, 108 రోజులు. నేను దాన్ని ఏడాదిగా అలమరాలో దాచిపెట్టాను, తుపాను వస్తే పనికొస్తుందని.

లోపల ఏ భాగమూ చెడిపోలేదు. అన్నీ తమ పని తాము చేశాయి. బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా దాని రక్షణ సర్క్యూట్ తలుపు మూసేసింది. అలా మూయకపోతే లిథియం బ్యాటరీ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది, మళ్లీ చార్జి చేయడం ప్రమాదం. ఇంత సంక్లిష్టత మధ్య చచ్చింది ఏదని అడిగితే, ఏదీ చావలేదు, వెలుగు తప్ప. ఇది కొత్త రకం చావు. చూస్తే కనపడదు, తడితే పలకదు.

ఆరిపోయే తీరులో కూడా తేడా ఉంది. పాత టార్చి పసుపై, ఎర్రబారి, నిప్పు కణికలా మిగిలి, గంటసేపు నోటీసు ఇచ్చి మరీ పోయేది. డ్రైవరు ఉన్న టార్చి చివరి నిమిషం దాకా నిండుగా వెలిగి ఒక్కసారిగా ఆగిపోగలదు. నడి చేనులో ఉన్న మనిషికి అది చాలా క్రూరమైన పద్ధతి. కానీ మంచి ప్రోగ్రాము ఉన్న టార్చి బ్యాటరీ పడిపోతుంటే రెండుసార్లు మిణుకుమని, వెలుగును మెట్టు మెట్టుగా దించుకుంటూ, ఆఖరి శక్తితో అర ల్యూమెను వెలుగును గంటల తరబడి పట్టుకుంటుంది. చీకటికి అలవాటైన కంటికి ఆ అర ల్యూమెనుతో గది కనిపిస్తుంది. అంటే సంక్లిష్టత తెచ్చిన చెడుకి విరుగుడు కూడా సంక్లిష్టతలోనే దొరికింది. ఆ పది వరుసల ప్రోగ్రాము రాయాలన్న ఆలోచన తయారుచేసినవాళ్లకి రావాలి, అంతే.

వేడి సంగతీ అంతే. ఎల్‌ఈడీ వెలుగులో వేడి ఉండదు గనుక అది చల్లటిదని చాలామంది అనుకుంటారు. బల్బు తన వేడిని పరారుణ కిరణాలుగా ముందుకి విసిరేసేది. ఎల్‌ఈడీ వేడి అంతా వెనక్కి, లోహంలోకి, మన అరచేతిలోకి దిగాలి. అరచేతిలో ఇమిడే టార్చి వెయ్యి ల్యూమెన్లు ఇస్తే కొద్ది నిమిషాల్లో పట్టుకోలేనంత కాలుతుంది. అందుకే ఉష్ణోగ్రత కొలిచి వెలుగు తగ్గించే ఏర్పాటు ఉంటుంది. అది లేనిది కొనకూడదు. ఉన్నదాని మీద రాసిన అంకెల్ని కూడా కొంచెం ఆగి చదవాలి. టార్చీల కోసం అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం ల్యూమెన్లు కొలిచేది వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. ఎన్ని గంటలు వెలుగుతుందో లెక్కగట్టేది వెలుగు మొదటిదానిలో పదో వంతుకి పడిపోయేదాకా. మూడు నిమిషాలు వెయ్యి, ఆ తర్వాత నాలుగు గంటలు రెండు వందలు ఇచ్చే టార్చి కూడా వెయ్యి ల్యూమెన్లు, నాలుగు గంటలు అని న్యాయంగానే రాసుకోవచ్చు. రెండూ నిజాలే, కానీ రెండూ ఒకే సమయంలో జరగవు.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఇంకో రకం. గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చి చార్జి చేసే ప్లాస్టిక్ టార్చి. లోపల చాలావాటిలో 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడిపోతుంది, మళ్లీ చార్జి ఎక్కదు. వాడకపోయినా నెలనెలా చార్జి పెట్టాలి. ఇంకో మాట, చాలా గట్టిగా చెప్పాల్సింది: చౌకరకాల్లో 230 వోల్టుల నుంచి లోపలి సర్క్యూట్‌ని వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటరే ఉంటుంది. ప్లగ్గులో ఉండగా దాని పగిలిన పెంకు మీద చెయ్యి వేయడమంటే కరెంటు తీగ మీద వేయడమే. పిల్లలున్న ఇంట్లో దాన్ని అందనంత ఎత్తులో చార్జి పెట్టండి.

లుసర్ లెక్కలోకి రాని భాగం ఒకటుంది. అది టార్చి పట్టుకున్న మనిషి. సాగుకి కరెంటు రాత్రిళ్లే వచ్చే కాలంలో, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలుకాక ముందు, రైతు అర్ధరాత్రి లేచి మోటారు వేయడానికి వెళ్లేవాడు. ఒక చేతిలో పార, ఒక చేతిలో టార్చి, గట్టు మీద కదిలేది తాడో పామో క్షణంలో తేలాలి. ఆ క్షణంలో బటన్ నొక్కితే వెలుగు రావాలి. చౌక టార్చీల్లో ఒకసారి నొక్కితే పెద్దది, రెండోసారి చిన్నది, మూడోసారి టకటకా కొట్టుకునే వెలుగు. చిన్నది కావాలని నొక్కబోయి ఒకటి ఎక్కువ నొక్కితే కళ్లు చెదిరే మెరుపుల్లో గట్టూ కనపడదు, పామూ కనపడదు. ఈ వరుసని ఏ చీకట్లోనూ నిలబడని వ్యక్తి నిర్ణయించాడని నాకు బలంగా అనిపిస్తుంది.

దీనికి ఎదురుగా ఆండ్యూరిల్ అనే ప్రోగ్రామును పెట్టి చూడాలి. ఎవరైనా చదివి మార్చుకోగల ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ అది. ఒకే బటన్. ఒకసారి నొక్కితే వెలుగుతుంది, ఇంకోసారి నొక్కితే ఆరుతుంది. నొక్కి పట్టుకుంటే వెలుగు మెల్లగా పెరుగుతుంది. ఆరి ఉండగా మూడుసార్లు నొక్కితే బ్యాటరీ వోల్టేజీని మెరుపుల లెక్కలో చెబుతుంది, నాలుగుసార్లు నొక్కితే జేబులో దానంతట అది వెలగకుండా తాళం పడుతుంది. లోపల ఇంకా బోలెడన్ని అరలున్నాయి. అవన్నీ ఎవరికీ గుర్తుండవు. కానీ దాని రెండో రూపంలో ఆ అరలన్నీ మూసేసి ఉంచే సులువైన పద్ధతినే ముందుగా పెట్టారు. కావాలని తెరిస్తే తప్ప అవి అడ్డు రావు. ఎంత ఉన్నా, ఒక్క నొక్కుకి వెలుగు రావడమన్న దాని జోలికి మిగతావేవీ రాకూడదు. ఈ ఒక్క నియమం పాటించిన టార్చిలో ఎన్ని భాగాలున్నా నాకు అభ్యంతరం లేదు.

భూమి కింద పనిచేసేవాళ్లు ఈ సంగతిని ఏనాడో తేల్చేశారు. గని కార్మికుల పాత క్యాప్ ల్యాంపుల్లో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉండే రకం ఉండేది. ఒకటి తెగితే రెండోది బయటికి దారి చూపించేది. గుహల్లోకి దిగేవాళ్లు మనిషికి మూడు దీపాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, పట్టుకుని దిగాలన్నది పాత నియమం. ఇది గొలుసు పద్ధతి కాదు, మోకు పద్ధతి. పాయలు విడివిడిగా పేనిన మోకులో ఒక పాయ తెగినా బరువు మిగతావి మోస్తాయి. ఒక్కొక్కటి నూటికి 90 పాళ్లే నమ్మదగిన దీపాలు మూడుంటే, మూడూ ఒకేసారి పోయే అవకాశం వెయ్యింటికి ఒకటి. ఒక్క దీపాన్ని అంత గట్టిగా చేయడానికి ఎంత ఖర్చవుతుందో ఊహించుకోండి. కాకపోతే మూడూ వేర్వేరుగా పోయేవై ఉండాలి. ఒకే అలమరాలో, ఒకే రకం బ్యాటరీతో, ఒకే మనిషి మరచిపోయిన మూడు టార్చీలు మూడు పాయలు కావు.

మా ఇంట్లో ఆ రాత్రి రెండు పాయలున్నాయి. రెండిటినీ మరచిపోయింది నేనొక్కణ్ణే.

ఇప్పుడు నాన్న ఇత్తడి టార్చి వీధి తలుపు పక్కన మేకుకి వేలాడుతుంది, సెల్లులు మాత్రం పక్కనే ఒక డబ్బాలో విడిగా ఉంటాయి. అమెరికా టార్చికి కొత్త బ్యాటరీ వేశాను. దాని గొట్టానికి ఉన్న మరల మీద అల్యూమినియం ఆక్సైడు పొర ఉంటుంది, దాని గుండా కరెంటు పారదు. అందుకని వెనక మూతని పావు చుట్టు వదులు చేస్తే చాలు, దారి తెగిపోతుంది, మైక్రోకంట్రోలరు కూడా నిద్రపోతుంది. ఈ సంగతి అమ్మకి ఒకసారి చెప్పాను. వాయుగుండం పట్టిందని రేడియోలో విన్న రోజు, బావి దగ్గర బిందెలు నింపించాక, ఆమె ఆ మూతని పావు చుట్టు బిగించి ఒకసారి నొక్కి చూసి, కొంగున కట్టుకుంటుంది.